చర్మమును చూచుట
(స్త్రీల సహవాస కూటములో చేసిన ప్రసంగ పాఠము)



రోగులను ఇంటిలో కనిపెట్టుకొని ఉండే విషయమై ఒక ప్రసంగము కావాలని స్త్రీల సహవాసము వారు అడిగినప్పుడు, ఆసుపత్రి నుండి ఒక సిస్టరమ్మగారిని పిలువవచ్చు గదా అన్నాను. "ఆమె వచ్చేది ఎట్లాగూ వస్తుంది. మంచాల ప్రక్కన కూర్చొనేది మీరు గదా అయ్యగారూ, మీరే చెప్పండి" అని పట్టుపట్టారు. సరేనన్నాను. ఇందులోని వైద్య సంగతులను నర్సింగు చదివిన మన సంఘ సహోదరీలు ముందుగానే చదివి సరిచూచినారు గనుక ధైర్యముగా చెప్పుచున్నాను.

నర్సింగు పాఠశాలలో విద్యార్థినులకు మొదట నేర్పేది సూది వేయడము కాదు, రోగిని గమనించడము. ఫ్లోరెన్స్ నైటింగేల్ అమ్మగారు 1859లో నర్సింగును గురించి వ్రాసిన చిన్న పుస్తకములో రోగిని గమనించుటకు ఒక అధ్యాయమే కేటాయించినది. అడగడము, చూడడము, తాకడము, వ్రేలితో తట్టడము, చెవిపెట్టి వినడము - ఇవే ఆరోగ్య పరీక్షకు మెట్లు. తట్టడము, వినడము అనేవాటిని చదువుకొన్నవారికి విడిచిపెడదాము. చర్మము సంగతికి మొదటి మూడు చాలును. ఆ మూడింటికి మీ కన్నులు, మీ చేతులు, కొంచెము ఓపిక తప్ప మరే పరికరమూ అక్కరలేదు.

పాదిరికి చర్మముతో ఏమి పని అని మీరు అడుగవచ్చు. లేవీయకాండము 13వ అధ్యాయము తీసి చూడండి. ఆదివారపు ఆరాధనలో మనము సాధారణముగా చదవక దాటిపోయే అధ్యాయమది. అందులో చర్మపు మచ్చను పరీక్షించే పని యాజకునిది. అతడు ఎట్లా పరీక్షిస్తాడో గమనించారా? మచ్చ రంగు చూస్తాడు. అక్కడి వెండ్రుక తెల్లబడినదా, మచ్చ చర్మము కంటె లోతుగా ఉన్నదా, వ్యాపించినదా అని చూస్తాడు. సందేహముంటే తీర్పు చెప్పడు. ఏడు దినములు ఆగి మరల చూస్తాడు. అప్పటికీ తేలకపోతే ఇంకొక ఏడు దినములు ఆగుతాడు. నేటి నర్సులు రోగి చీటీలో తేదీ వేసి, మచ్చ కొలత వ్రాసి, తరువాతి వారము దానితో పోల్చి చూచే పద్ధతికి ఇది ఎంత దగ్గరగా ఉన్నది! మనవాళ్లు ఈ అధ్యాయములో నుండి "పాళెము వెలుపల" అనే ఒక్క మాటను మాత్రము గట్టిగా పట్టుకొన్నారు. మరల మరల చూడమన్న మాటను మరచినారు.

ఇంకొకటి. మన తెలుగు బైబిలులో కుష్ఠము అని అనువదించిన హెబ్రీ మాట ఒక్క వ్యాధికి పేరు కాదు. అదే మాటను బట్టలమీది మరకకు, ఇంటి గోడమీది మచ్చకు కూడా వాడినారు. గోడకు కుష్ఠు రోగము వస్తుందా? అనేక రకముల చర్మ వ్యాధులకు, మచ్చలకు కలిపి వాడిన మాట అది అని నేడు పండితులు చెప్తారు. కాబట్టి ఈనాడు వైద్యులు కుష్ఠు అని పిలిచే జబ్బును, ఆ అధ్యాయములోని దానిని ఒకటిగా చేసి బోధించడము సరికాదు. ఈ సంగతి మా వేదాంత కళాశాలలో నేర్పినారు గాని, అక్కడి నుండి సంఘములలోనికి రావడమే ఆలస్యమైనది.

ఇక పనిలోనికి వద్దాము.

మొదట వెలుతురు. బల్బు వెలుతురులో పచ్చకామెర్లు కనబడవు. పసుపు రంగు గోడల గదిలో అసలే కనబడవు. పగటి వెలుతురు తగిలేచోట, తలుపు దగ్గరనో వసారాలోనో కూర్చోబెట్టి చూడండి. కాని వీధి అరుగుమీద వద్దు. స్త్రీని స్త్రీయే చూడాలి, మరుగుండాలి, ఏమి చేయబోతున్నారో ముందు చెప్పి అనుమతి అడగాలి. చేతులు సబ్బుతో కడుగుకొని, చల్లగా ఉంటే రుద్దుకొని వెచ్చచేసికొని తాకండి. ఒక చేతిని చూచినప్పుడు రెండవ చేతిని కూడా ప్రక్కన పెట్టి చూడండి. దేవుడు జంటగా ఇచ్చిన అవయవములు ఒకదానికొకటి కొలబద్ద.

చూచుటకు ముందు అడగండి. ఎప్పటి నుండి ఉన్నది? దురద ఉన్నదా? పెరుగుతున్నదా? ఇంటిలో ఇంకెవరికైనా ఉన్నదా? ఏమి పూసినారు? ఈ చివరి ప్రశ్న చాలా ముఖ్యము. మన ఊళ్లలో తామర వచ్చినా గజ్జి వచ్చినా మొదట మందుల అంగడికి పోయి, చీటీ లేకుండానే ఒక గొట్టపు మందు కొనుక్కొంటారు. వాటిలో చాలావాటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. పూసిన రెండు దినములకే దురద పోతుంది, ఎంత మంచి మందో అనుకొంటాము. తామర మాత్రము లోపల హాయిగా పెరిగి, ఆ మందు ఆపగానే రెండింతలై బయటికి వస్తుంది. చర్మము పలుచబడుతుంది. డాక్టరుకు కూడా అది ఏ జబ్బో గుర్తుపట్టరాని రూపము వస్తుంది. తెల్లబరుస్తుందని ఆడపిల్లలు ముఖానికి పూసే కొన్ని పూతల సంగతీ ఇంతే. ఏ మందు పూసినారో ఆ గొట్టమును కూడా ఆసుపత్రికి తీసుకొనిపోండి.

రంగు విషయములో ఒక జాగ్రత్త. పాశ్చాత్య దేశాలలో వ్రాసిన పాఠ్యపుస్తకాలు ఎరుపెక్కుట, పాలిపోవుట, నీలి తిరుగుట అని వర్ణించినవి ఎక్కువగా తెల్లని చర్మమును ముందుంచుకొనే. మన నల్లని, చామనఛాయ చర్మముమీద అవి అట్లా కనబడవు. రక్తము తక్కువైనదేమో చూడాలంటే క్రింది రెప్పను మెల్లగా లాగి లోపలి ఎరుపును చూడండి. నాలుకను, అరచేతి గీతలను చూడండి. పచ్చకామెర్లకు కంటిలోని తెల్లగుడ్డు. ఊపిరి అందనివారికి పెదవి లోపలి భాగము, నాలుక నీలముగా మారుతాయి. అది కనబడితే ఇంటిలో కూర్చొని ప్రార్థన మాత్రమే చేయవద్దు, దారిలో చేయవచ్చు, ముందు బండి పిలువండి.

వేడిని తెలుసుకొనేందుకు అరచేయి కాదు, చేతి వెనుక భాగము ఆనించాలి. వాపు ఉన్నదేమో చూడాలంటే మోకాలికి చీలమండకు నడుమ ఎముకమీద బొటనవ్రేలితో కొన్ని క్షణములు నొక్కి తీయండి. గుంట నిలిచిపోతే నీరు చేరినదని అర్థము. గుండె, మూత్రపిండములు, కాలేయము, రక్తహీనత - కారణమేదో తేల్చేది డాక్టరు, గుంటను చూచేది మీరు. మే నెలలో పులివెందుల ప్రక్క చీనీ తోటలలో పనిచేసి వచ్చినవారికి, ఎర్రగుంట్ల దారిలో నాపరాళ్ల పనిచేసేవారికి ఒంటిలో నీరు తగ్గిపోవడము మనమెరిగినదే. చర్మమును రెండు వ్రేళ్లతో పట్టి విడిచిపెడితే వెంటనే సర్దుకోవాలి. మెల్లగా దిగితే నీరు తగ్గినట్లు. అయితే ముసలివారికి చర్మము వయసుతోనే సడలిపోయి ఉంటుంది. అవ్వ చేతిని గిల్లి చూచి కంగారుపడవద్దు. ఆమె నాలుక తడిగా ఉన్నదా, మూత్రము వస్తున్నదా, ఏ రంగు అని చూడండి.

ఇప్పుడు నేను ఎక్కువగా చూచేది, చూడడానికి మనస్సు నొచ్చేది, పడక పుండ్లు. పక్షవాతమో తుంటి ఎముక విరుగుటో వచ్చి మంచమెక్కిన తల్లిదండ్రులు ప్రతి సంఘములోనూ ఉన్నారు. పిల్లలు బెంగుళూరులోనో గల్ఫులోనో ఉంటారు. డబ్బు పంపుతారు, పరుపు కొంటారు. కాని ఆ జేజిని ప్రక్కకు తిప్పేవారెవరు? ఒకే చోట బరువు ఆని ఉంటే అక్కడి రక్తప్రసారము ఆగి, ఎముకకు చర్మమునకు నడుమ కండ చచ్చిపోతుంది. నడుము క్రింది ఎముక, తుంటి రెండు ప్రక్కలు, మడమలు, మోచేతులు, భుజము వెనుక, తల వెనుక, చెవులు - ప్రతి దినము స్నానము చేయించేటప్పుడు వీటిని చూడండి. ఎర్రబడితే మొదటి గుర్తు అని పుస్తకాలు చెప్తాయి. మన చర్మము మీద ఎరుపు కనబడదు గనుక చుట్టుప్రక్కల కంటె నల్లగా గాని ఊదాగా గాని ఉన్నదా, వేడిగానో చల్లగానో ఉన్నదా, గట్టిగానో మెత్తగానో తగులుతున్నదా అని చేతితో తెలుసుకోవాలి. అప్పటికి చర్మము చిట్లదు. అప్పుడే బరువు తీసివేస్తే నయమవుతుంది. రెండు గంటలకొకసారి ప్రక్క మార్చాలి. ఈడ్చవద్దు, ఎత్తి మార్చండి. పిక్క క్రింద దిండు పెట్టి మడమను గాలిలో ఉంచండి. రంగు మారినచోట గట్టిగా రుద్దవద్దు, లోపలి కండ మరింత చెడుతుంది. నడుమ రంధ్రమున్న గుండ్రటి దిండ్లు కూడా వద్దని నేటి నర్సులు చెప్పుచున్నారు. పుండు పడిన తరువాత పసుపు, బూడిద, ఆకుపసరు పెట్టి కట్టకండి. గుడ్డు, పప్పు, పాలు బాగా పెట్టండి, పుండు పూడాలంటే మాంసకృత్తులు కావాలి.

ఇది అంతా కోడలి పని అని మగవారు వాకిట్లో పత్రిక చదువుచు కూర్చొనడము నేను చూస్తూనే ఉన్నాను. ఒక మనిషిని మంచములో తిప్పడానికి ఇద్దరు కావాలి. రెండవ మనిషి ఎవరని నేను పేరు పెట్టి అడగను.

ఇక మచ్చ సంగతి. ఈ ప్రసంగము ఒప్పుకొన్నది నిజమునకు దీని కొరకే.

నేను దర్శించే ఒక ఇంటిలో చేనేత పనిచేసే సహోదరుడున్నాడు. ముంజేతిమీద రూపాయి బిళ్లకంటె పెద్దదైన మచ్చ, చుట్టుప్రక్కల కంటె కొంచెము వెలిసిన రంగు. "ఏం లేదయ్యగారూ, ఎండకొచ్చిన మచ్చ, రెండేండ్లాయె. నొప్పి లేదు, దురద లేదు" అన్నాడు. నొప్పి, దురద లేకపోవడమే అక్కడ భయపడవలసిన సంగతి. చిటికెన వ్రేలికి పోగు తగిలినది తెలియడము లేదని అతని భార్య చెప్పినది. అతడు ఆసుపత్రికి పోయినాడు, మందులు మ్రింగినాడు, మచ్చ పోయినది. కాని ఆ వ్రేలు కొంచెము వంగియే ఉండిపోయినది. ఆ రెండేండ్లు పోయినది భయము వలన. ఇరుగుపొరుగు ఏమనుకొంటారో, కూతురి పెండ్లి ఏమవుతుందో అని.

కుష్ఠు ఒక సూక్ష్మజీవి వలన వచ్చే జబ్బు. దానిని 1873లో నార్వే దేశములో హాన్సెన్ అనే వైద్యుడు కనుగొన్నాడు. అది పాపము వలన రాదు, శాపము వలన రాదు, తల్లిదండ్రుల రక్తము వలన రాదు. మందు పుచ్చుకొనని రోగితో చాలా కాలము దగ్గరగా మెలిగినవారిలో కొందరికి మాత్రమే వస్తుంది. వచ్చేందుకు కూడా సగటున అయిదేండ్లు, ఒక్కొక్కప్పుడు ఇరువదేండ్లు పడుతుంది. అది చర్మమును, నరములను పట్టుకొంటుంది. వ్రేళ్లు రాలిపోతాయని మనవాళ్లు అంటారు. స్పర్శ పోయిన చేతికి వేడి పెనము తగిలినా, మేకు గుచ్చుకొన్నా తెలియక పుండ్లుపడి, అవి ముదిరి ఎముక దాక పోవడము వలన వచ్చే నష్టమది. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో డాక్టరు పాల్ బ్రాండ్ గారు ఈ సంగతిని పట్టి చూచి, వంగిన చేతులను శస్త్రచికిత్సతో మరల పనికి తెచ్చినారు. మన జిల్లా నుండి వేలూరుకు రైలెక్కని కుటుంబము తక్కువ గనుక ఆ పేరు మీలో కొందరు వినే ఉంటారు.

మచ్చను ఇంటిలో ఎట్లా చూడాలి? దూదిని సన్నని కొనగా చేయండి. మొదట కన్నులు తెరచి ఉండగా మంచి చర్మము మీద తాకించి, "ఇట్లా తాకినప్పుడు తాకిన చోట వ్రేలు పెట్టు" అని నేర్పండి. తరువాత కన్నులు మూయించి, మంచి చర్మముమీద ఒకసారి, మచ్చమీద ఒకసారి, క్రమము లేకుండా తాకించండి. తాకిన ప్రతిసారి "తెలిసిందా?" అని అడగకండి. మొగమాటస్థులు తెలియకపోయినా తెలిసిందనే అంటారు. సూదితో గుచ్చవద్దు. స్పర్శ తగ్గిన మచ్చ, చెమట పట్టని మచ్చ, వెండ్రుకలు రాలిన మచ్చ అనుమానించదగినవి. ముఖముమీది మచ్చలో స్పర్శ ఉండియు అది కుష్ఠు కావచ్చును. మచ్చలే లేకుండా చర్మము నిగనిగలాడుతూ, చెవి తమ్మెలు దళసరియై, కనుబొమలు రాలే రకము కూడా ఉన్నది. అరచేయి అరికాలు తిమ్మిరెక్కడము, కాలినుండి చెప్పు జారిపోయినా తెలియకపోవడము నరము చెడుతున్నదనుటకు గుర్తులు. ఇవేవి ఉన్నా తేల్చవలసినది డాక్టరు. మన పని అనుమానించి పంపించడము వరకే.

ప్రతి తెల్ల మచ్చ కుష్ఠు కాదు. ఇది కూడా అంతే గట్టిగా చెప్పాలి. బొల్లి పాలవలె తెల్లగా ఉంటుంది, స్పర్శ పూర్తిగా ఉంటుంది, ఒకరినుండి ఒకరికి అంటదు. ఎంతమంది ఆడపిల్లల పెండ్లిండ్లు ఈ అజ్ఞానము వలన తప్పిపోయినవి! శోభి మచ్చలు చెమటకు వచ్చేవి, పొట్టు రాలుతుంది. తామర అంచు ఎత్తుగా ఉండి దురద పెడుతుంది. గజ్జి రాత్రిపూట ఎక్కువ, వ్రేళ్ల సందులలో ఉంటుంది, ఇంటిలో అందరూ ఒకేసారి మందు పూసికొంటేనే పోతుంది.

కుష్ఠుకు మందు ఉన్నది. పూర్వము చాల్‌ముగ్రా నూనెను సూదులతో ఎక్కించేవారు. నిజామాబాదు దగ్గర డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ దొరసానిగారు ఆ నూనెతోనే ఎందరికో సేవ చేసినారు. తరువాత డాప్సోను వచ్చినది. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అనేక మందులను కలిపి ఇచ్చే చికిత్సను సిఫారసు చేసినది. మచ్చలు అయిదు లోపైతే 6 నెలలు, అంతకు మించితే 12 నెలలు. 1995 నుండి లోకమంతటా ఇది ఉచితము. మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రములలో, ప్రొద్దుటూరు జిల్లా ఆసుపత్రిలో అడగవచ్చును. రెండు సంగతులు ముందే తెలిసి ఉండాలి. ఒక మందు వలన మూత్రము ఎర్రగా వస్తుంది, అది రక్తము కాదు. ఇంకొకదాని వలన చర్మము నల్లబడుతుంది. మందు ముగిసిన కొన్ని నెలలకు మెల్లగా తగ్గిపోతుంది. ఈ రెండింటిని చూచి నడుమ మానివేసేవారున్నారు. మానవద్దు. మందు నడుమ మచ్చలు ఒక్కసారిగా ఉబ్బి నరము నొప్పి పుడితే మాత్రము ఆ వారమే పోవాలి, ఆలస్యమైతే చేయి పడిపోతుంది.

2005 చివరికి మన దేశములో ఈ జబ్బు పదివేల మందికి ఒకరికంటె తక్కువైనదని ప్రభుత్వము ప్రకటించినది. సంతోషమే. కాని ఆ ప్రకటన తరువాత చాలామంది ఇది పోయినదనుకొన్నారు. పోలేదు. ఇంటింటికి వచ్చి మచ్చలు అడిగే ఆశా కార్యకర్తలను "మా ఇంట్లో అట్లాంటివేం లేవు" అని వాకిట్లో నుండే పంపించివేసేవారు మనలోనూ ఉన్నారు.

లండన్ మిషనరీ సొసైటీ వారు 1822లో కడపలో పని మొదలుపెట్టినారు. ఆ శతాబ్దము చివరి దశకములో జమ్మలమడుగులో వైద్యసేవ వేళ్లూనినది. క్యాంప్‌బెల్ ఆసుపత్రి పేరు ఎరుగనివారు ఈ మూడు తాలూకాలలో లేరు. మన తాతలలో ఎందరో మొదట ఆ ఆసుపత్రి వరండా చూచి, తరువాతనే దేవాలయపు మెట్లు ఎక్కినారు. శతాబ్ది సంచికలలో మనము కట్టడముల ఫోటోలు వేసికొంటాము. ఆ వరండాలో పుండ్లు కడిగిన నర్సుల పేర్లు మాత్రము మనకెవ్వరికీ తెలియవు.

పెండ్లి ప్రకటనలు చదివే పాదిరిగా ఒక మాట. క్రైస్తవులకు వర్తించే 1869 నాటి విడాకుల చట్టములో భర్తకు గాని భార్యకు గాని నయముకాని కుష్ఠు ఉంటే వివాహము రద్దు కోరవచ్చునన్న నిబంధన ఉండేది. 2019లో పార్లమెంటు దానిని తీసివేసినది. 1898 నాటి కుష్ఠు రోగుల చట్టము 2016లోనే రద్దయినది. చట్టము మారినది గాని, "ఆ ఇంటిలో ఆ జబ్బు ఉన్నదట గదా అయ్యగారూ" అని నా చెవిలో గుసగుసలాడేవారు మారలేదు. మందు ముగించినవారు నయమైనవారు. నేను ఎవరికీ వేరే జవాబు చెప్పను.

ఒక సంఘములో పెద్ద ఒకరు ప్రభువు బల్ల ముందు నన్ను ప్రక్కకు పిలిచి, చికిత్సలో ఉన్న ఒక సహోదరునికి వేరే పాత్ర పెట్టవచ్చునా అని అడిగినాడు. ఒకే పాత్ర వాడే సంఘమది. ఆయన దుష్టుడు కాడు, భయపడినాడు. మందు మొదలుపెట్టిన కొద్ది దినములకే ఆ జబ్బు అంటించే గుణము పోతుందని, మన ప్రభువు కుష్ఠు రోగిని తాకినది స్వస్థపడిన తరువాత కాదు, ముందేనని చెప్పినాను. అందరితోపాటు అదే పాత్ర ఇచ్చినాను. చివర పాత్రలో మిగిలినది ఆచారము ప్రకారము నేనే త్రాగినాను.

చివరిగా ఒక ప్రకటన. వచ్చే నెల మొదటి ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత సిస్టరమ్మగారు వస్తున్నారు. దేవాలయము వెనుక గదిలో తూర్పు కిటికీ దగ్గర వెలుతురు బాగుంటుంది గనుక అక్కడ కూర్చొంటారు. స్త్రీలను ఆమె చూస్తారు, పురుషులను ఆమెతో వచ్చే ఆరోగ్య కార్యకర్త వేరుగా చూస్తారు. చక్కెర జబ్బు ఉన్నవారు అరికాళ్లు కూడా చూపించుకోవలెను, చెప్పులు తెచ్చుకొని రండి, లోపల మేకు కొనలున్నవేమో వాటిని కూడా చూస్తారు. చీటీలో పేరు వ్రాయరు, ఎవరు వచ్చినది బయటకు చెప్పరు. మచ్చకు ఏదైనా మందు పూస్తూ ఉంటే ఆ గొట్టము తీసుకొని రావలెను.